నాన్న కడుపున పుట్టే చేప

మొయినాబాద్‌కీ సముద్రానికీ ఏమిటి సంబంధం అనకండి. ఊరికి ఒకవైపు ఉస్మాన్‌సాగర్, ఇంకోవైపు హిమాయత్‌సాగర్. గేట్లెత్తితే ఆ నీళ్లు మూసీలో పడి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, చివరికి బంగాళాఖాతం చేరతాయి. ఆ సముద్రంలోనే ఉంటుంది మన కథానాయకుడు... పైప్‌ఫిష్. సముద్రపు గుర్రానికి దగ్గరి చుట్టం. గుర్రాన్ని పట్టుకుని నిలువునా సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది!

దీనికి పళ్లు లేవు, పొట్ట సంచీ లేదు. గొట్టంలాంటి మూతితో సన్నసన్న రొయ్యపిల్లల్ని చటుక్కున పీల్చేస్తుంది. తిన్నది నిలవుండదు కాబట్టి రోజంతా మేత వెతుక్కోవాల్సిందే. వేగంగా ఈదలేదు. మరి శత్రువు వస్తే? సముద్రపు గడ్డి మధ్య నిలువుగా నిలబడి, అలకి గడ్డి ఎటు ఊగితే అటు ఊగుతుంది. రంగూ ఆకుపచ్చే, లేదంటే గోధుమే. పక్కనే ఉన్నా కనిపించదు.

అసలు వింత కాపురంలో ఉంది. ఆడచేప గుడ్లను మగచేప ఒంటికి అప్పగించి వెళ్లిపోతుంది. మోసేదీ, కనేదీ నాన్నే. త్యాగమూర్తి అనుకుంటున్నారా? ఆగండి. అమెరికా గల్ఫ్ తీరపు పైప్‌ఫిష్‌లపై 2010లో వెలువడిన పరిశోధనలో తేలిందేమిటంటే, పెద్ద ఆడచేప గుడ్లయితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి, చిన్నదాని గుడ్లయితే తక్కువ. ఐరోపా జాతి ఒకదానిలో తండ్రి, మోస్తున్న పిండాల నుంచే పోషకాలు లాగేసుకుంటుందట!

మన దేశం 2001లో ఈ కుటుంబం మొత్తాన్నీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులితో సమానమన్నమాట. కానీ మరపడవ వలకు షెడ్యూళ్లు తెలియవు. రొయ్యల కోసం అడుగంటా ఈడ్చుకుపోతే గడ్డీ, చేపా కలిసే వస్తాయి.

ఈ గడ్డి నాచు కాదు. వేళ్లున్న, పూలు పూసే మొక్క. ఎండ తగలకపోతే చస్తుంది. నదులు మోసుకొచ్చే బురదా, మురుగూ నీటిని మసకబారిస్తే దానికి ఊపిరాడదు. జంట జలాశయాలు దాటి నగరంలోకి అడుగుపెట్టాక మూసీ ఏమవుతోందో మీకు చెప్పక్కర్లేదు.

ఈ గడ్డి మన పులికాట్‌లో కొంత ఉంది. విస్తారంగా ఉన్నది మాత్రం తమిళనాడు వైపు, పాక్ అఖాతంలో. అక్కడ 2022లో 448 చదరపు కిలోమీటర్లను రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఈ చేప కోసం కాదు, గడ్డి మేసే సముద్రపు ఆవు కోసం. పైప్‌ఫిష్‌కి ఆ పట్టింపు లేదు. ఎవరి పేరు మీదైనా, దక్కితే దాక్కోవడానికి గడ్డి దొరికినట్టే.