బంతి రాకమునుపు

మన పాఠశాలలో సాయంకాలపు ఆటగంటయందు బాడ్మింటను వలను దించి కొందఱు బాలబాలికలు పికిల్‌బాల్ ఆడుచుండుట చదువరులు చూచియే యుందురు. ఈ యాట 1965 వ సంవత్సరమున అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రములో బెయిన్‌బ్రిడ్జి దీవియందు పుట్టినది. జోయెల్ ప్రిచర్డు, బిల్ బెల్, బార్నీ మెక్కల్లమ్ అను మువ్వురు పెద్దలు వేసవి సెలవులలో ప్రొద్దుపోక యున్న తమ పిల్లలకొఱకై దీనిని కల్పించిరి. 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల జంటల బాడ్మింటను గీతలే దీనికిని సరిపోవును. వల మాత్రము ప్రక్కల 36 అంగుళములు, నడుమ 34 అంగుళముల యెత్తున నుండవలెను. ఇంత సులువుగా అమరు ఆట మనకు లభించుట మేలే. అయినను దానిని నేర్పుచున్న తీరును గూర్చి మాకొక ఫిర్యాదు కలదు.

పిల్లలు మొదటి దినముననే బలముగా కొట్టుట నేర్చుచున్నారు. కొట్టకముందు ఎట్లు నిలువవలెనో వారి కెవరును చెప్పుటలేదు. కావున బంతిని కొట్టిన వెంటనే ప్యాడిలును తొడప్రక్క వ్రేలాడవేసి, తమ దెబ్బ యెచ్చట పడెనో యని వినోదము చూచుచుందురు. బంతి తిరిగి వచ్చి మీద పడిన పిమ్మట చేయి పైకి లేచును. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగిన చందమే.

వలకు ఇరుప్రక్కల 7 అడుగుల మేర నిలిచి, నేల తాకని బంతిని కొట్టరాదని ఈ యాట నియమము. ఆ చోటునకు కిచెన్ అని వేడుక పేరు. నేర్పరులు దాని గీతవెనుకనే నిలుతురు గనుక, ఎదుటి జంటకును వీరికిని నడుమ 14 అడుగులే యుండును. గంటకు 30 మైళ్ల వేగముతో వచ్చు బంతి సెకనునకు 44 అడుగులు పోవును. అనగా ఆ యెడమును దాటుటకు దానికి సెకనులో మూడవ వంతు చాలును. కన్ను చూచి చేయి కదల నారంభించుటకే సుమారు నాలుగవ వంతు వ్యయమగును. మిగులునది పండ్రెండవ వంతు. అంతలో ప్యాడిలును తొడనుండి ఱొమ్ముదాక ఎవడు తేగలడు? పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను తామే వేసి చూచుకొందురు గాక.

కావలసిన దేమి? పాదములు భుజములకన్న కొంచెము ఎడముగా నుండవలెను. మోకాళ్లు కొద్దిగా వంగవలెను. దేహభారము మడమలపై గాక మునివ్రేళ్లవైపు మోపవలెను. ప్యాడిల్ ఱొమ్మున కెదురుగా, దేహమునకు జానెడు ముందుగా నిలువవలెను. వెనుకగీత దగ్గఱ నున్నప్పుడు అది నడుముదాక దిగినను నష్టములేదు. కుడిచేతివారు దాని కొనను రవంత ఎడమకు మొగ్గించి బ్యాక్‌హ్యాండునకు సిద్ధముగా నుంచుట మేలు. ఏలయన మీదికి వచ్చు బంతిని ఫోర్‌హ్యాండుతో కొట్టబోయిన మోచేయి ప్రక్కటెముకలకు తగిలి చేయి చిక్కుకొనును. పిడికిలి బిగింపరాదు. బిగిసిన చేతికి బంతిని మెత్తగా వలదాటించుట సాధ్యము కాదు. ఇవన్నియు ఒకసారి నేర్చిన చాలదు. ప్రతి దెబ్బ వెనుకను ప్యాడిల్ తన చోటికి మరల రావలెను. మా పిల్లలు మఱచుచున్నది ఇదియే.

ఇందు కండబలముతో పని లేదు. ఈ విషయమై మేమింత పట్టుపట్టుటకు కారణము అదియే. జట్టును ఎన్నుకొనునాడు గట్టిగా కొట్టువారినే ముందుకు పిలిచి, సన్నని పిల్లలను గట్టుమీద కూర్చుండబెట్టుచున్నారు. అట్లు కూర్చున్న ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, ఒకనాడు ఆటగాండ్రు చాలక పిలువబడి, ఇద్దరు దృఢకాయుల దెబ్బలను వరుసగా త్రిప్పిపంపుట మేము కన్నులార చూచితిమి. ఆమె ప్యాడిల్ కదలినది బెత్తెడు మాత్రమే. మరునాడు ఆమె మరల గట్టుమీదనే యున్నది. ఇది న్యాయమా?

ఆటగంటలో పిల్లలను ఊరక నిలువబెట్టుట శిక్షవంటిది కదా యని కొందఱు తల్లిదండ్రులు అనవచ్చును. నిజమే, కవాతువలె చేసిన పిల్లలకు విసుగు పుట్టును. దినమునకు పది నిమిషములు చాలును. ఒకరు చేతితో బంతి విసరగా వేఱొకరు అడ్డుకొని, వెంటనే ప్యాడిలును యథాస్థానమునకు తెచ్చుట పందెముగా పెట్టిన, వారే వదలరు. పొట్టివారికిని పొడుగువారికిని నిలుకడలో కొంత భేద ముండుటయు సహజమే. దానిని ఉపాధ్యాయులు చూచి దిద్దవలెను. గట్టి ప్లాస్టిక్కు బంతి కంటికి తగిలిన ప్రమాదము గనుక, కన్నులకు రక్షణ యద్దములును తెప్పింపవలసి యున్నది.

వచ్చు సంవత్సరము జట్టు నేర్పఱచునాడు, మొదట గీతయొద్ద నిలిచి పది బంతులు అడ్డుకొను పరీక్ష పెట్టవలెననియు, కొట్టుడు బలము తరువాతనే చూడవలెననియు క్రీడోపాధ్యాయులను కోరుచున్నాము. ఉపాధ్యాయుల జట్టునకును ఆ పరీక్షయే యుండుగాక. కడచిన మాసమున ప్యాడిల్ వ్రేలాడవేసికొని నిలిచిన మాలో ఒకరి నొసటి బొప్పి ఇప్పుడిప్పుడే తగ్గుచున్నది.