ఏసీ ఫిల్టర్ తీసి పారేయమనేవాళ్ళకు

కారులో ఏసీ గాలి సరిగా రావడం లేదని మరిపెడ బంగ్లా సెంటర్‌లో ఎవరితోనైనా అని చూడండి. "గా ఫిల్టర్ తీసి పారెయ్యన్నా, గాలి మస్తుగొస్తది" అంటారు. మెకానిక్ అదే అంటాడు, కిరాయి కారు నడిపే తమ్ముడు అదే అంటాడు, మొన్న కారు కొన్న బావ కూడా అదే అంటాడు. మరి దుమ్ము సంగతేమిటని అడిగితే దానికీ జవాబు సిద్ధం. "అద్దాలెత్తి, లోపలి గాలి లోపల్నే తిరిగే బటన్ ఒత్తిపెట్టు. దుమ్మెట్లొస్తది?" ఈ రెండు మాటలూ మన రోడ్ల మీద శాస్త్రంలా చలామణీ అవుతున్నాయి. రెండూ తప్పే. బండికీ, బండిలో కూర్చున్న మనిషికీ చేటు చేసే తప్పులు.

ఆ సలహా విని చెడినవాణ్ణి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. కొన్నేళ్ళ కింద సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. మొదటి ఎండాకాలంలోనే గాలి మందగించింది. చూపించిన చోట ఫిల్టర్ లాగేసి, ఖాళీ గదికి మూత బిగించి పంపారు. గాలి నిజంగానే దూసుకొచ్చింది. సంబరపడ్డాను. రెండేళ్ళు తిరిగేసరికి ఏసీ వేసినప్పుడల్లా తడిసిన గోనెసంచి వాసన. ముందు సీట్లో కూర్చున్న మా అమ్మ ఖమ్మం చేరేదాకా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉండేది. "నాకు ఏసీ పడ్తలేదు బిడ్డా" అనేది. నేనూ అదే నిజమనుకున్నాను.

చివరికి డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీసి కూలింగ్ కాయిల్ బయటికి తీశారు. పలచటి అల్యూమినియం రేకుల వరసలు దగ్గర దగ్గరగా ఉండే వస్తువది. ఆ రేకుల మధ్య సందే కనబడలేదు. ఎర్రమట్టి, దూది పింజలు, వడ్ల పొట్టు, కుళ్ళిన వేపాకు తునకలు కలిసి అలికినట్టు అతుక్కున్నాయి. గోటితో గీకితే పొర లేచింది. కింద నల్లగా బూజు. మా అమ్మ రెండేళ్ళు పీల్చిన గాలి దాని మీదుగా వచ్చిన గాలి. ఒక ఫిల్టర్ ఖరీదుకు ఇరవై రెట్లు పైనే ఆ రోజు కట్టాను. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకున్న ప్రయాణాలు మాత్రం నా మనసులో అట్లనే ఉండిపోయాయి.

కారులోకి గాలి ఎటునుంచి వస్తుందో చాలామంది ఒక్కసారి కూడా చూసి ఉండరు. ముందు అద్దం అడుగున, వైపర్ల కింద నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. బండి ఉరుకుతున్నప్పుడు గాలి అద్దానికి తగిలి అక్కడ ఒత్తిడి పెరుగుతుంది, అందుకే లోపలికి దారి అక్కడ పెట్టారు. ఆ గాలిని బ్లోయర్ ఫ్యాన్ లాక్కుని కాయిల్ మీదికి తోస్తుంది. ఆ దారిలోనే, ఎక్కువ బండ్లలో గ్లోవ్ బాక్స్ వెనక, మడతలు మడతలుగా ఫిల్టర్ ఉంటుంది. ఏసీ నడుస్తున్నంతసేపూ కాయిల్ తడిగానే ఉంటుంది. చల్లటి చెంబుకు చెమట పట్టినట్టు గాలిలోని తేమ దానికి పడుతుంది. ఆగి ఉన్న కారు కింద బొట్లు బొట్లుగా కారేది ఆ నీళ్ళే. పొడి గోడకు దుమ్ము పడితే దులుపుకోవచ్చు. తడి గోడకు పడితే బురదే, ఆ బురదలో బూజే.

"మన తాతల జీపులకు ఏ ఫిల్టరుండె? వాళ్ళు బతకలేదా?" అనేవాళ్ళకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆ జీపుల్లో తడి కాయిల్ లేదు. అద్దాలు తీసి ఉండేవి, వచ్చిన దుమ్ము వచ్చినట్టే పోయేది, మిగిలింది పాత గుడ్డతో తుడిచేవాళ్ళు. ఇప్పుడు మనం అన్నీ మూసుకుని, ఒకే గొట్టం గుండా వచ్చే గాలిని గంటల తరబడి పీలుస్తున్నాం. ఆ గొట్టం శుభ్రంగా లేకపోతే ముక్కుకు ఇంకో దారి లేదు.

పైగా మనది మామూలు దుమ్ము కాదు. వరంగల్-ఖమ్మం జాతీయ రహదారి మీది ఊరు మన మరిపెడ బంగ్లా. ఒక దిక్కు ఖమ్మం మిర్చి మార్కెట్, ఇంకో దిక్కు ఎనుమాముల మార్కెట్. వానాకాలం పంట చేతికొచ్చేసరికి రోడ్డు పక్కన వడ్లు ఆరబోస్తారు, వరికోత మిషన్లు లేపిన నూగు ఊరి మీద పొగలా నిలబడుతుంది. ఆ వెంటనే పత్తి బండ్లు, వాటి వెనక పింజలు. సంక్రాంతి దాటాక మిర్చి. బస్తాల లారీ వెనక పడితే అద్దాలెత్తినా తుమ్ములాగవు. ఎండలు ముదిరితే చెరువు మట్టి ట్రాక్టర్లు. ఏడాది పొడుగునా గ్రానైట్ లారీలు. 2024 సెప్టెంబరు మొదట్లో ఆకేరు వాగు పొంగి పురుషోత్తమాయగూడెం దగ్గర రోడ్డును తెంపుకుపోయిన విషాదం మనమెవరం మరిచిపోలేదు. ఆ వరద రోడ్ల మీదికి తెచ్చిపెట్టిన ఒండ్రు కూడా ఎండినాక దుమ్మే అయింది. ఇన్ని రకాల దుమ్ము పుట్టే చోట ఫిల్టర్ అక్కర్లేదనడం, ఎండాకాలం బావికి పోతూ తాడు బరువని ఇంట్లో పెట్టిపోవడం లాంటిది.

ఫిల్టర్ ఉంటే గాలి తగ్గుతుందన్నది వాళ్ళ పెద్ద వాదం. నిండిన ఫిల్టరుంటే తగ్గుతుంది, నిజం. కానీ అది నిండిందంటే ఆ చెత్తంతా మన గొంతులోకీ కాయిల్‌లోకీ పోకుండా అది ఆపిందనే కదా అర్థం. నిండిన దాన్ని మార్చాలి. జల్లెడ నిండిందని జల్లించడం మానేస్తామా? ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ నిండితే ఒక్క మాట మాట్లాడకుండా కొత్తది వేయిస్తాం. ఇంజిన్‌లోకి దుబ్బ పోతే పిస్టన్లు అరిగి లక్ష రూపాయల పని పడుతుందని మనకు తెలుసు. మన ఊపిరితిత్తులకు పెట్టిన ఫిల్టర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అది దండగ ఖర్చయింది. ఇంజిన్‌ను మార్చుకోవచ్చు. ఊపిరితిత్తులకు ఆ వీలు లేదు.

ఇక లోపలి గాలి బటన్ సంగతి. ముందు లారీ దుమ్ము లేపుతుంటే ఒక నిమిషం, రెండు నిమిషాలు ఆ బటన్ ఒత్తడం మంచిదే. దాన్నే పొద్దస్తమానం ఒత్తిపెట్టి దుమ్మును జయించామనుకోవడమే తప్పు. కారు డబ్బాలాగా మూత బిగిసిన వస్తువు కాదు. తలుపుల రబ్బర్లు, డిక్కీ అంచులు, కింద వైర్లు పోయే బొక్కలు, అన్నిచోట్లా సందులుంటాయి. మట్టి రోడ్డు మీద పది కిలోమీటర్లు పోయి, అన్నీ మూసి ఉన్నా డిక్కీలోని సంచుల మీద వేలు పెట్టి గీయండి. గీత పడుతుంది.

పొలం సంగతి తెలిసినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. మడిలో నీళ్ళు ఎక్కువుంటే ఎండ్రకాయ బొక్కల్లోంచి నీళ్ళు బయటికే కారుతాయి. మడి ఖాళీగా ఉండి పక్క కాలువ నిండుగా ఉంటే అవే బొక్కల్లోంచి లోపలికి వస్తాయి. కారూ అంతే. బయటి గాలిని ఫిల్టర్ గుండా తీసుకుని ఫ్యాన్ కొంచెం పెంచి నడిపితే లోపల ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువవుతుంది, సందుల్లోంచి గాలి బయటికి తోస్తుంది, దుమ్ముకు దారి దొరకదు. లోపలి గాలినే తిప్పుతుంటే ఆ తోపు ఉండదు, సందులన్నీ దుమ్ముకు వాకిళ్ళవుతాయి. గనుల్లో పెద్ద యంత్రాలు నడిపే కార్మికుల క్యాబిన్ల మీద అమెరికాలోని నియోష్ సంస్థ ఏళ్ళ తరబడి పరిశోధించి ఈ రెండింటినే ముఖ్యమని చెప్పింది: మంచి ఫిల్టర్, క్యాబిన్ లోపల బయటికంటే ఎక్కువ ఒత్తిడి. రాళ్ళు పగిలే చోట పనికొచ్చిన సూత్రం మన మట్టి రోడ్డు మీద పనికిరాకపోదు.

ఆ బటన్ ఒత్తిపెడితే ఇంకో ముప్పు కూడా ఉంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదిలక్షల భాగాలకు 420కి పైనే ఉంటుంది. నలుగురు కూర్చున్న కారులో బయటి గాలి ఆపేస్తే కొద్ది నిమిషాల్లోనే అది వేలల్లోకి చేరుతుంది. తల బరువెక్కుతుంది, ఆవులింతలొస్తాయి. రాత్రి పెళ్ళి నుంచి తిరిగొస్తూ డ్రైవర్ కళ్ళు మూతలు పడుతుంటే మనం ఛాయ్ తాగిస్తాం. ముందు ఆ బటన్ తీసి బయటి గాలి రానివ్వాలి.

సర్వీసుకు పోతే అక్కర ఉన్నా లేకున్నా ఫిల్టర్ మార్చి బిల్లు వేస్తారన్న కోపం న్యాయమైనదే. అందుకే జనం నమ్మకం పోగొట్టుకున్నారు. దానికి మందు, ఫిల్టర్ ఎట్లా ఉందో మన కళ్ళతో మనమే చూసుకోవడం. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే అది కిందికి వాలుతుంది. వెనక చిన్న మూత, మూత వెనక ఫిల్టర్. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, పది నిమిషాల పని. కొత్తది కొన్ని వందల రూపాయలు. అంచు మీద గాలి పోయే దిక్కుకు బాణం గుర్తుంటుంది, ఆ దిక్కుకే పెట్టాలి. కంపెనీ పుస్తకంలో ఇన్ని వేల కిలోమీటర్లకని రాసి ఉంటుంది, దుమ్ము రోడ్లయితే ఇంకా ముందే మార్చమని కూడా రాసి ఉంటుంది. మన దగ్గర పత్తి, మిర్చి సీజన్లు అయిపోగానే ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి తీసి చూస్తే చాలు.

"కంప్రెసర్ గాలి కొట్టి మళ్ళీ పెడితే అయిపాయె" అన్నది ఇంకో సలహా. మెల్లగా తట్టి ఆకులూ పింజలూ రాల్చి, కొత్తది దొరికేదాకా నాలుగు రోజులు నడుపుకోవచ్చు. టైర్లకు కొట్టే గాలి దగ్గర పెట్టి కొడితే మాత్రం పోగులు విడిపోతాయి, కంటికి కనబడని బొక్కలు పడతాయి. చాలా ఫిల్టర్లలో పోగులకు విద్యుదావేశం ఎక్కించి ఉంటారు, సన్న ధూళిని పట్టేది అదే. సబ్బు నీళ్ళతో కడిగితే ఆ శక్తి చాలావరకు పోతుంది. చూడ్డానికి తెల్లగా ఉంటుంది, సన్న ధూళిని మాత్రం ముందులా పట్టదు.

ఫిల్టర్ ఒక్కటే పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు. శిశిరంలో వేపచెట్టు కింద బండి నిలిపితే ఆకంతా వైపర్ల కింది జాలీలో పడుతుంది. వాన నీళ్ళు పోయే దారులు ఆ పక్కనే ఉంటాయి. అవి ఆకుతో పూడితే నీళ్ళు బ్లోయర్‌లోకి దిగి కాళ్ళ కింది కార్పెట్ తడుస్తుంది. వారానికోసారి బానెట్ ఎత్తి చేత్తో ఆ ఆకు ఏరేయాలి. నీళ్ళ పైపు పెట్టి జాలీలోకి తోయొద్దు. పత్తి నిలవ ఉన్న కొట్టం పక్కన బండి పెట్టేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఎలుకకు బ్లోయర్ గది కంటే వెచ్చటి ఇల్లు దొరకదు, గూడుకు దూది పక్కనే ఉంది. ఇంటికి చేరే ముందు రెండు నిమిషాలు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం నడిపితే కాయిల్ కొంత ఆరుతుంది, బూజు తగ్గుతుంది.

ఫిల్టర్‌కు లేని గొప్పలు నేను అంటగట్టను. మామూలు ఫిల్టర్ మట్టినీ పింజనూ పుప్పొడినీ బాగా ఆపుతుంది, మరీ సన్నటి పొగ కణాల్లో కొన్నింటినే ఆపుతుంది. బొగ్గు పొర ఉన్నది వాసనలు తగ్గిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను ఏదీ ఆపదు, కాబట్టి ఇంజిన్ నడుస్తుండగా మూసిన కారులో నిద్రపోవద్దు. ఆపగలిగిన దాన్నైనా ఆపనిమ్మని మాత్రమే నేనంటున్నది. గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీల్చితే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి ఒక కారణం ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీలన్నింటి క్యాబిన్లలో ఏసీ ఉండి తీరాలని కేంద్రం 2023 డిసెంబరులో నిబంధన తెచ్చింది. మంచి నిబంధన. మనలా గంటా రెండు గంటలు కాదు, లారీ డ్రైవర్ ఆ క్యాబిన్‌లో బతుకంతా కూర్చుంటాడు. తింటాడు, అందులోనే నిద్రపోతాడు. రేపు ఆ కొత్త లారీ మన రోడ్డు మీదికి వస్తుంది. గాలి మందగిస్తుంది, డ్రైవర్ పక్కకు ఆపి అడుగుతాడు. అప్పుడు కూడా మనం "తీసి పారెయ్యన్నా" అనే అంటే, అతని కోసం పెట్టిన చల్లగాలి అతని ఛాతీలోకి రాతిదుమ్మును పంపే గొట్టమవుతుంది. దయచేసి ఆ మాట అనకండి. ఫిల్టర్ గది ఎట్లా తెరవాలో చూపించండి, పాత ఫిల్టర్ అతని చేతిలో పెట్టండి. మడతల్లో పేరుకున్నదాన్ని చూస్తే, అది లేకుంటే ఎక్కడికి పోయేదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.