రెండు లైన్లు, ఒకటే ప్లగ్గు

మాది మురమళ్ళ. పెళ్లికాని వాళ్లలో మా ఊరి పేరు తెలియని వాళ్లు తక్కువ. వీరేశ్వరస్వామి గుడిలో రోజూ కళ్యాణం జరుగుతుంది. అది చేయిస్తే సంబంధం తొందరగా కుదురుతుందని నమ్మకం. వర్క్ ఫ్రమ్ హోమ్ అని నేను ఊరొచ్చేసినప్పుడు టీమ్‌లో అందరూ అడిగింది ఒకటే: "కళ్యాణం టికెట్ తీసుకున్నావా?" అని. ఆ ముడి సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఈ వారం చెప్పేది తెగిపోయే ముడి గురించి.

నేను చేసేది లైన్ ప్రొటెక్షన్ పెట్టెలకి సాఫ్ట్‌వేర్ రాయడం. రెండు ఊళ్ల మధ్య వెళ్లే ఫైబర్‌ని ఏ జేసీబీయో తెంపేస్తే, ఇంకో దారిలో వేసిన ఫైబర్ మీదకి ట్రాఫిక్‌ని మార్చేస్తాయి ఈ పెట్టెలు. కోనసీమ వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాకినాడ వెళ్లాలంటే మాకు ఎదుర్లంక వారధి దగ్గర దారి. అది ఆగిపోతే రావులపాలెం మీదుగా చుట్టూ తిరగాలి. మనకి ఆ తిరుగుడు గంటల పని. ఈ పెట్టెకి మాత్రం 50 మిల్లీసెకన్లలోపు అయిపోవాలి. మీరు వీడియో కాల్‌లో ఉంటే తెలియను కూడా తెలియదు.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. 1+1 పద్ధతిలో కాంతిని సగం సగం చేసి రెండు ఫైబర్లలోనూ పంపుతాం. అవతలి పెట్టె ఏది బాగుంటే దాన్ని తీసుకుంటుంది. సగం చేసినందుకు 3 డీబీ దాకా బలం తగ్గుతుంది, అదే దానికి ఖర్చు. 1:1 పద్ధతిలో ఒక దారిలోనే పంపుతాం. అది తెగితే రెండు చివరలూ మాట్లాడుకుని కలిసి మారాలి.

ఇక సెట్టింగులు. కాంతి ఎంతకి పడిపోతే మారాలో ముందు చెప్పాలి. మామూలు స్థాయికి మరీ దగ్గరగా పెడితే చిన్న ఊగుకే మారిపోతుంది. మరీ కిందకి పెడితే లైను చచ్చాక గానీ కదలదు. తెగిన ఫైబర్ బాగయ్యాక వెంటనే పాత దారికి వెళ్లాలా, ఆగాలా అన్నది రెండోది. సాధారణంగా 5 నుంచి 12 నిమిషాలు ఆగమంటారు. కొత్తగా అతికిన చోట మళ్లీ తేడా చేస్తే అటూ ఇటూ ఊగిసలాట మొదలవుతుంది మరి. మూడోది మోడ్: ఆటో, మాన్యువల్, లాక్. లాక్ అంటే ఏం జరిగినా కదలొద్దని. మరమ్మతులప్పుడు వాడతాం. కొన్ని పెట్టెల మీద ఇవన్నీ చిన్న చిన్న డిప్ స్విచ్చులు. చాలావాటిలో స్విచ్ జరిపితే చాలదు, పవర్ ఆపి మళ్లీ వేస్తేనే కొత్త సెట్టింగ్ చదువుకుంటుంది. ఇది తెలియక కొత్తవాళ్లు గంటలు గంటలు తల పట్టుకుంటారు.

వెనకవైపు పవర్. టెలికాంలో వాడేది మైనస్ 48 వోల్టులు. 2 వోల్టుల బ్యాటరీ సెల్స్ 24 వరసగా కలిపితే 48. మైనస్ ఎందుకంటే ప్లస్ వైపుని ఎర్త్ చేస్తారు. అలా చేస్తే తేమ నేలలో రాగి తీగలు తినేయకుండా ఉంటాయని ల్యాండ్‌లైన్ కాలం నుంచీ వస్తున్న పద్ధతి. అందుకే వైరు రంగు నమ్మకుండా మీటర్ పెట్టి చూశాకే స్క్రూ బిగించాలి. పెట్టెకి ఏ, బీ అని రెండు పవర్ కనెక్షన్లు ఉంటాయి. రెండూ వేర్వేరు బ్రేకర్ల నుంచి, వీలైతే వేర్వేరు బ్యాటరీల నుంచి రావాలి. ఒకే బ్రేకర్ నుంచి రెండూ లాగినా ముందువైపు రెండు పచ్చ లైట్లూ చక్కగా వెలుగుతాయి. అసలు మోసం అక్కడే.

ఈ ముక్క మా ఇన్‌స్టలేషన్ గైడ్‌లో రాసింది నేనే. మరి మా ఇంట్లో?

ఫైబర్ ఒకటి, బ్యాకప్‌కి 4జీ రూటర్ ఒకటి. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో, ఆ బాక్సు ఒకే ఇన్వర్టర్ మీద. రెండు పచ్చ లైట్లు. నేను హాయిగా ఉన్నాను.

మే నెల సాయంత్రం. ఒక కస్టమర్ లైను మీద అప్‌గ్రేడ్ కోసం పెట్టెని లాక్‌లో పెట్టాను. పది నిమిషాల పని. ఇంతలో ఉరుములు మొదలయ్యాయి. కొబ్బరితోటల వెనక ఎక్కడో పిడుగు పడింది. ఇన్వర్టర్ ఒకసారి కీచుమని ఊరుకుంది. రెండు రూటర్లూ చీకటి. ఇంట్లో ఫోన్‌కి ఒక్క గీత సిగ్నల్, హాట్‌స్పాట్ మీద వీపీఎన్ పట్టుకోలేదు, కాల్ కలవలేదు. రోడ్డు మీదకి పోదామంటే మెరుపుల్లో నాన్న గుమ్మం దాటనివ్వలేదు. ఉరుములు తగ్గాక వెళ్లి టీమ్‌లో ఒకమ్మాయికి కాల్ చేసి లాక్ తీయించేసరికి 40 నిమిషాలు.

లాగ్ తర్వాత చూశాం. 14వ నిమిషంలో మెయిన్ ఫైబర్ పోయింది. రెండో దారి శుభ్రంగా ఉంది. పెట్టె మాత్రం కదల్లేదు, కదలొద్దని నేనే చెప్పాను కదా. 26 నిమిషాలు లైను లేదు. అందులో ఎవరి యూపీఐ ఆగిందో, ఎవరు అంబులెన్సుకి ఫోన్ చేయబోయారో నాకు ఎప్పటికీ తెలీదు.

రాత్రి నాన్నకి చెప్తే, ఆయన 1996 తుపాను సంగతి ఎత్తారు. నవంబర్ 6 రాత్రి. నేనింకా పుట్టలేదు. స్తంభాలు, తీగలు అన్నీ నేలమీదే. హైదరాబాద్‌లో ఉన్న మా అత్తకి ఇక్కడ మావాళ్లు బతికున్నారో లేదో నాలుగు రోజుల దాకా తెలియలేదట. అది చెప్పి, రూటర్ల వైపు చూసి, "రెండు పడవలు కొన్నావు, బానే ఉంది. రెండిటినీ ఒకే గుంజకి కట్టావేంట్రా?" అన్నారు.

2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత మొబైల్ ఇంటర్నెట్ ఆపేసినప్పుడు రెండు సిమ్ములున్నవాళ్ల పరిస్థితీ ఇదే. లైన్లు ఎన్నున్నాయని కాదు, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఏంటో చూసుకోవాలి.

తర్వాత ఏం చేశానంటే, ఫైబర్ పెట్టెకి విడిగా 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టి వేరే గదిలోని సాకెట్‌కి ఇచ్చాను. 4జీ రూటర్ ఇన్వర్టర్ మీదే ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే మూడో రంధ్రం వెనక అసలు ఎర్త్ వైరే లేదు! సర్జ్ ప్రొటెక్టర్ ఎంత ఖరీదైనదైనా, ఎగదన్నిన కరెంటుని పంపేయడానికి ఎర్త్ లేకపోతే దాని పని చాలావరకు ఆగిపోయినట్టే. పాత ఎక్స్‌ఛేంజీల్లో ప్రతి టెలిఫోన్ జతకీ గ్యాస్ నింపిన చిన్న గొట్టం ఉండేది. 230 వోల్టుల దగ్గర లోపలి గ్యాస్ కరెంటుకి దారిచ్చి పిడుగు దెబ్బని నేలలోకి దింపేది. నేలకి దారి ఉంటేనే సుమా. ఫైబర్ గాజే కదా అనుకోకండి. పిడుగు కరెంటు అడాప్టర్ ద్వారా వస్తుంది, కేబుల్‌లో స్టీలు తీగ ఉంటే దాని ద్వారానూ రావచ్చు. ఉరుములు మొదలవకముందే ప్లగ్గు పీకేయడాన్ని మించిన రక్షణ లేదు.

ఆఫీసులో కూడా ఒక మార్పు చేశాను. లాక్ పెడితే 15 నిమిషాలకి దానంతట అదే తీసేసుకుని ఆటోలోకి వెళ్తుంది. ఇంకా కావాలంటే మళ్లీ అడగాలి. కోడ్ ఇరవై లైన్లు కూడా లేదు. ముందే రాసి ఉండాల్సింది.

ఈ ఆదివారం ఫోన్ పక్కన పెట్టి ఒకసారి మీ రూటర్ వెనక్కి చూడండి. ఏ తీగ ఏ గుంజకి కట్టుందో లెక్కపెట్టండి. వచ్చేవారం కలుద్దాం, కరెంటు ఉంటే!