థిన్నర్ లెక్క బయటపెట్టాలి

కారు కాలుష్యం అనగానే మన చూపు సైలెన్సర్ మీదికే పోతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్టూ దాని కోసమే, భారత్ స్టేజ్ ప్రమాణాలూ దాని కోసమే. ఆ కారు రోడ్డెక్కకముందే ఫ్యాక్టరీ పెయింట్ షాప్‌లో గాలిలో కలిసిన ద్రావకాల సంగతి మాత్రం ఎవరూ అడగరు. టోలుయిన్, జైలీన్, బ్యూటైల్ ఎసిటేట్ వంటివి రంగును పల్చబరిచి, రేకు మీద సమంగా పరుచుకునేలా చేస్తాయి. ఆ పని అయ్యాక రంగు కారు మీద మిగులుతుంది, ద్రావకం ఆవిరైపోతుంది. పట్టి ఆపకపోతే అది బయటి గాలిలోకే పోతుంది. అక్కడ ఎండ తగిలి, నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి, ఊపిరితిత్తులను దెబ్బతీసే ఓజోన్ పుట్టడానికి కారణమవుతుంది. లాస్ ఏంజెలెస్‌ను కమ్మేసిన కాలుష్యపు మబ్బు వెనక ఈ రసాయన చర్యే ఉందని శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ 1950ల తొలినాళ్లలోనే తేల్చారు. మన దగ్గర ఎండకు కొదవ లేదు కాబట్టి ఈ విషయం మనకు మరీ ముఖ్యం.

ఇప్పుడు నీటి ఆధారిత రంగులు వచ్చాయి కదా, సమస్య తీరినట్టేనని పరిశ్రమ అంటుంది. అందులో కొంత నిజం ఉంది. తుప్పు పట్టకుండా బాడీని ముంచే తొలి పూత చాలాకాలంగా నీటితోనే నడుస్తోంది, పైరంగూ చాలాచోట్ల అలాగే మారింది. అయితే ఆ రంగులోనూ కొంత ద్రావకం ఉంటుంది. మెరుపునిచ్చే క్లియర్ కోట్ ఎక్కువచోట్ల ఇప్పటికీ ద్రావకంతోనే వేస్తున్నారు. కడగడానికయ్యే ద్రావకం వేరే. తెల్ల కారు వెనకే ఎర్ర కారు వస్తే, రోబో చేతి చివర గిర్రున తిరిగే గంట ఆకారపు స్ప్రే పరికరంలోనూ గొట్టంలోనూ మిగిలిన తెల్లరంగును బయటికి తోసేసి, ద్రావకంతో కడిగిన తర్వాతే ఎర్రరంగు ఎక్కించాలి. ఒకే రంగు కార్లను వరసగా పంపితే ఈ కడుగుడు తగ్గుతుంది. ఏ ఫ్యాక్టరీ ఎంత శ్రద్ధగా పనిచేస్తోందో ఇలాంటి చోటే తెలుస్తుంది, చిమ్నీ దగ్గర ఒక రోజు చేసిన పరీక్షలో తెలియదు.

అందుకే నేను కోరేది ఒక్కటే: కొన్న ద్రావకానికి లెక్క. ఎంత తెచ్చారు, ఎంత తిరిగి పట్టారు, ఎంత కాల్చేశారు, ఎంత వ్యర్థంగా పంపారు? మిగిలింది గాలిలోకి పోయినట్టే. ఐరోపా 1999లోనే ఈ పద్ధతిని చట్టంలో పెట్టింది. పెద్ద కార్ల ఫ్యాక్టరీ కొత్తదైతే పూత వేసిన చదరపు మీటరుకు 45 గ్రాములు, పాతదైతే 60 గ్రాములు మించకూడదంది. ఇది చిన్న సంఖ్య కాదు. లోపలా బయటా కలిపి ఒక్కో బాడీకి 80 చదరపు మీటర్లు వేసుకుంటే, 45 గ్రాముల చొప్పున కారుకు 3.6 కిలోలు. ఏడాదికి 3 లక్షల కార్లంటే 1,080 టన్నులు. పెనుకొండ దగ్గరి కియా ప్లాంటు మొదలైనప్పుడు ప్రకటించిన సామర్థ్యం 3 లక్షలే. అక్కడ అంత విడుదలవుతోందని నేను అనడం లేదు. అంత పెద్ద ఫ్యాక్టరీకి ఐరోపా 1999లో పెట్టిన పరిమితి కూడా వెయ్యి టన్నులు దాటుతుందంటే, అసలు సంఖ్య తెలుసుకునే హక్కు చుట్టుపక్కల ఊళ్లకు ఉండాలంటున్నాను.

రోడ్డు మీది పొగతో పోలిస్తే ఇదెంత అనేవాళ్లున్నారు. ఆ పొగ ఊరంతా పరుచుకుంటుంది, ఇది ఒకేచోట నుంచి వస్తుంది. పైగా విద్యుత్ కారుకు సైలెన్సర్ ఉండదు గానీ రంగు తప్పదు. కాలిఫోర్నియాలో టెస్లా ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ రంగుల పనిలో గాలి చట్టాన్ని ఉల్లంఘించిందన్న ఆరోపణపై 2022లో 2,75,000 డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. డెట్రాయిట్‌లో 2021లో మొదలైన స్టెలాంటిస్ మ్యాక్ ప్లాంటు పక్కవీధి వాళ్లు రంగు వాసన భరించలేక ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేశారు. పెయింట్ బూత్ గాలిని శుద్ధి యంత్రానికి చేర్చే గొట్టాల ఏర్పాటు అనుమతి ప్రకారం లేదని మిచిగన్ అధికారులు తేల్చారు. కంపెనీ రెండో యంత్రం పెట్టాల్సి వచ్చింది. కొత్త ఫ్యాక్టరీ, కట్టుదిట్టమైన అనుమతి ఉన్నచోటే జనం ముక్కులు ముందు పసిగట్టాల్సి వచ్చింది. ఇక ఖర్చు మాటంటారా, ఐరోపాలో ఈ నిబంధన వచ్చాక కార్ల పరిశ్రమ మూతపడలేదు. ఆవిరైపోయే ద్రావకం కూడా డబ్బు పెట్టి కొన్నదే కదా.

మన 2009 జాతీయ గాలి ప్రమాణాల్లోని 12 కాలుష్యకాల్లో బెంజీన్, ఓజోన్ ఉన్నాయి. టోలుయిన్, జైలీన్ లేవు. వాటిని చేర్చేదాకా ఆగాల్సిన పనిలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండళ్లు తమ పరిధిలో వాహనాలకు రంగు వేసే ప్రతి ఫ్యాక్టరీ నుంచి ఏటా ద్రావకాల లెక్క తీసుకుని, చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో తెలుగులో ప్రకటించాలి. అనుమతుల పునరుద్ధరణకు దీన్నే షరతుగా పెట్టాలి.