మా వాడు ఇక కొవ్వొత్తులు చేయడు

డిసెంబరు 3 దగ్గర పడుతోందంటే నాకు చిరాకు మొదలవుతుంది. ప్రపంచ వికలాంగుల దినోత్సవం కదా! ఏదో ఒక హాల్లో స్టేజీ కడతారు. మా పిల్లల చేత డాన్సు వేయిస్తారు. ఒక పెద్దమనిషి శాలువా కప్పించుకుని, "వీళ్ళు దేవుడి బిడ్డలు" అని మాట్లాడి వెళ్ళిపోతాడు. బయట బల్ల మీద మా పిల్లలు చేసిన కొవ్వొత్తులు, పేపర్ కవర్లు, రంగులేసిన ప్రమిదలు పెట్టి అమ్ముతారు. జనం జాలిపడి కొంటారు. నేనూ ఏటా కొన్నాను. మా అల్మారాలో వెలిగించని కొవ్వొత్తులు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి.

మా చిన్నవాడికి ఇప్పుడు 20 ఏళ్ళు. సర్టిఫికెట్లో బుద్ధిమాంద్యం అని ఉంటుంది. నేను మాత్రం నిదానంగా నేర్చుకుంటాడు అని చెప్తాను. స్పెషల్ స్కూల్లో పెరిగాడు. 18 నిండగానే, "ఇంక వాడి వయసుకి తరగతుల్లేవమ్మా, కావాలంటే వొకేషనల్ సెక్షన్లో కూర్చోబెడతాం" అన్నారు. అన్నట్టే కూర్చోబెట్టారు. మైనం వేడిగా ఉంటుందని కరిగించడం టీచరు చేసేది. ఒలికిపోతుందని పోయడం ఆయా చేసేది. మా వాడు ఒత్తి పట్టుకుని కూర్చునేవాడు. దానికి నెలనెలా ఫీజు నేను కట్టేదాన్ని. పనికి వెళ్ళేవాడే ఎదురు డబ్బు కట్టే ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందా, చెప్పండి?

టీచర్లను తిట్టడానికి రాయడం లేదు. వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పింది వాళ్ళే. ఆ రుణం నేను తీర్చుకోలేను. నా గొడవంతా "ఇంకా రెడీ కాలేదమ్మా" అనే మాటతోనే. ముందు ట్రైనింగ్, పూర్తిగా వచ్చాక ఉద్యోగం అంటారు. ఆ పూర్తిగా రావడం అనేది ఎప్పటికీ రాదు. పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు వచ్చినవాళ్ళు కూడా ఆ గదిలో ఇంకా రెడీ అవుతూనే ఉన్నారు.

మనం కాపురానికి వచ్చేనాటికి ఎంతమందిమి రెడీగా ఉన్నాం? అత్తగారి వంటింట్లో పడ్డాకే కదా పదిమందికి సాంబారు కాచడం చేతికొచ్చింది! మా పిల్లల విషయంలో ఇది ఇంకా నిజం. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట వాడుకోవడమే వాళ్ళకి అన్నిటికంటే కష్టం. స్కూల్లో ప్లాస్టిక్ నాణేలు లెక్కపెట్టినవాడు కొట్లో పది రూపాయల బిళ్ళ చూసి తెల్లమొహం వేస్తాడు. అలాంటప్పుడు పని నేర్పాల్సింది పనిచేసే చోటే కదా.

ఇది నా సొంత కవిత్వం కాదు. ముందు నిజమైన పనిలో పెట్టు, పక్కన ఒక మనిషి నిలబడి అక్కడే నేర్పించు, వాడికి పట్టుబడేకొద్దీ ఆ మనిషి వెనక్కి తగ్గాలి. అమెరికాలో ఈ పద్ధతి 1980ల నుంచి ఉంది. అలా నేర్పే మనిషిని జాబ్ కోచ్ అంటారు. చదువయ్యాక ఈ పిల్లవాడు ఏం చేస్తాడన్నది 16 ఏళ్ళకల్లా కాగితం మీద రాయాలని 1990లోనే అక్కడ చట్టం తెచ్చారు. మన దగ్గర 16 ఏళ్ళ పిల్లవాడి గురించి ఆ ప్రశ్న అడిగేవాళ్ళే లేరు.

మనకీ చట్టాలున్నాయి. 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం. అందులో ఆటిజం, బుద్ధిమాంద్యం లాంటివాటన్నిటికీ కలిపి 1 శాతం. కానీ ఆ ఉద్యోగాలకి పరీక్షలు రాయాలి, డిగ్రీలు కావాలి. మా వాడిలాంటివాళ్ళకి అది అందని ద్రాక్షే. ప్రైవేటువాళ్ళు 5 శాతం తీసుకునేలా ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇవ్వాలని కూడా అందులో ఉంది. ప్రోత్సాహమే కాబట్టి తీసుకోకపోయినా అడిగే నాథుడు లేడు. ఇక మిగిలింది పింఛను. ఆంధ్రలో 2024 నుంచి 6,000, తెలంగాణలో 4,016. మంచిదే, కాదనను. కానీ సోమవారం పొద్దున్న స్నానం చేసి, చొక్కా వేసుకుని వాడు ఎక్కడికి వెళ్ళాలి అన్నదానికి పింఛను జవాబు చెప్పదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. అసలు అడ్డం మనమే. ముందు నన్నే తిట్టుకుంటాను. తెలిసినవాళ్ళ కిరాణా కొట్లో వాడిని పెట్టించడానికి వెళ్ళి, నేను అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "పాపం, వాడికి బరువులు చెప్పకండన్నయ్యా." ఆయన వెంటనే, "ఏదో కాలక్షేపానికి రానీయమ్మా, జీతం ఎందుకులే" అన్నాడు. తప్పు ఆయనది కాదు, వాడి వెల నేనే తగ్గించి చెప్పాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి, రోజుకి నాలుగు గంటలు, పక్కనున్న కుర్రాడికి గంటకి ఎంత పడితే అంత, లేకపోతే వద్దు అని చెప్పి వచ్చాను. వారం ఆలోచించుకుని ఒప్పుకున్నాడు.

తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది. ఎవరో కొట్టాయనతో గట్టిగా గొడవపడితే మా వాడు భయపడి వెళ్ళి బస్టాపులో కూర్చున్నాడు. "తీసుకెళ్ళిపోండమ్మా" అన్నాడాయన. నాకూ అదే నయమనిపించింది. స్పెషల్ ఎడ్యుకేషన్ చదివిన అమ్మాయి ఒకామె వాడికి పని నేర్పడానికి వస్తుండేది. ఆమె నన్ను గుమ్మంలోనే ఆపేసింది. "గొడవలు కొట్టుకి ఎప్పుడూ వస్తాయాంటీ. అరుపులు వినపడితే ఎక్కడికి వెళ్ళాలో వాడికి చెప్పామా?" అంది. చెప్పలేదు. వెనక గోడౌన్లో ఒక స్టూలు వేసి, అరుపులు వినపడితే అక్కడికి వెళ్ళి కూర్చోవాలని రోజూ చేయించి చూపించింది. ఆ తర్వాత రెండుసార్లు గొడవ జరిగింది. రెండుసార్లూ వాడు స్టూలు మీదే ఉన్నాడు. ఆ రోజు నేను ఇంటికి తెచ్చేసుకుని ఉంటే, వాడు పనికి పనికిరాడని మేమంతా నమ్మేసేవాళ్ళం.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. కొవ్వొత్తుల గదిలోకైనా మగపిల్లల్నే పంపుతారు. ఆడపిల్లని "బయట రోజులు బాగోలేవు" అని ఇంట్లో పెట్టుకుంటారు. భయం నిజమే, నేను కాదనను. కానీ ఆ పిల్ల ఇంట్లో ఏం చేస్తోంది? అంట్లు తోముతోంది, బట్టలు మడతపెడుతోంది, వదినగారి పిల్లల్ని ఆడిస్తోంది. పని రాదన్న పిల్ల చేతే పొద్దుటినుంచి రాత్రిదాకా జీతం లేని పని చేయించుకుంటున్నాం. అదే మడతలు ఒక హాస్టల్లోనో, నర్సింగ్ హోములోనో పెడితే నెలకి జీతం వస్తుంది. పక్కన నమ్మకమైన ఆడమనిషి ఉన్న చోటు వెతకడం మన బాధ్యత. వెతక్కుండా తలుపు గడియ పెట్టడం మాత్రం ప్రేమ కాదు.

మన తర్వాత వీళ్ళేమవుతారు అని మేం తల్లులం కలిసినప్పుడల్లా ఏడుస్తాం. సంరక్షకుల కాగితాల కోసం కలెక్టరాఫీసు చుట్టూ తిరుగుతాం, ఇల్లు ఎవరి పేరున రాయాలని తర్జనభర్జన పడతాం. చేయాల్సిందే. కానీ మా వాడి ముఖం తెలిసినవాళ్ళు ఆ వీధిలో ఇప్పుడు పాతికమంది ఉన్నారు. ఒకరోజు రాకపోతే "ఏడమ్మా మీవాడు?" అని అడుగుతున్నారు. ఏ కాగితమూ నాకివ్వని ధైర్యం అది.

మీలో చాలామందికి కొట్లున్నాయి, బొటీక్‌లున్నాయి, కర్రీ పాయింట్లున్నాయి. రోజుకి నాలుగు గంటల పని ఒకటి వెతికి చూడండి. కవర్లకి లేబుళ్ళు అంటించడం, అరల్లో సర్దడం, కూరగాయలు కడగడం, ఏదైనా సరే. జాలితో ఇవ్వకండి. పని సరిగ్గా చేయకపోతే చెప్పండి, నేర్చుకుంటారు. జీతం మాత్రం వాళ్ళ చేతికే ఇవ్వండి.

ఈసారి డిసెంబరు 3న మీరు ఆ హాలుకి వెళ్తే కొవ్వొత్తి కొనేముందు నిర్వాహకుల్ని ఒక్క మాట అడగండి. మీ దగ్గర చదివిన పిల్లల్లో ఈరోజు బయట జీతానికి పనిచేస్తున్నవాళ్ళు ఎంతమంది? జవాబు విన్నాక కొనాలో వద్దో మీ ఇష్టం.