42వ రోజున తోడెవరు?

కార్తీక మాసం వచ్చిందంటే ఏ ఊరికి వెళ్లినా నల్లబట్టల స్వాములు కనిపిస్తారు. వారిలో ఏడాది పొడవునా తాగుడు మానలేనివారు కూడా కొందరుంటారు. ఇంటివారే పోరుపెట్టి మాల వేయిస్తారు. చిత్రమేమంటే, ఆ 41 రోజులూ ఆ మనిషి చుక్క ముట్టడు. తెల్లవారుజామునే చన్నీళ్ల స్నానం చేస్తాడు, సాయంత్రం భజనకు వెళతాడు. ఇల్లాలు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. మాల తీసిన మర్నాడే పాత కథ మళ్లీ మొదలు.

'వాడిది మొండిఘటం, మానాలన్న మనసే లేదు' అని ఊరు తీర్పు చెప్పేస్తుంది. ఈ తీర్పు సరైనది కాదు. మనసు లేనివాడు 41 రోజులు ఎలా ఉండగలిగాడు? ఆ రోజుల్లో అతడు ఒంటరిగా లేడు. పక్కన పదిమంది స్వాములున్నారు. ఊరంతా 'స్వామీ' అని పిలిచింది. గ్లాసు చేతికిచ్చేవాడు లేడు. భక్తితోపాటు ఆ తోడు కూడా అతన్ని నిలబెట్టింది. 42వ రోజున మాలతోపాటు ఆ తోడూ పోయింది.

ఇలాంటి తోడు మీదే నడిచే సమావేశాలున్నాయి. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యక్తి, బాబ్ స్మిత్ అనే డాక్టరు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడు వల్ల చితికిపోయినవారే. ఒకరి గోడు ఒకరు చెప్పుకుంటే తాగకుండా ఉండగలుగుతున్నామని వారు గ్రహించారు. అలా పుట్టిందే 'ఆల్కహాలిక్స్ ఎనానిమస్'. ఏ.ఏ. అంటారు. మన దేశానికి ఇది 1957లో వచ్చింది.

ఈ సమావేశానికి ఫీజు లేదు. ఆధార్ కార్డు అడగరు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. మొదటి రోజు వెనక కూర్చుని విని వచ్చినా సరే. ఒక్కొక్కరూ తాము ఏం పోగొట్టుకున్నదీ, ఎలా మానిందీ చెబుతారు. నీతులు చెప్పేవారుండరు. జన్మలో తాగనని ఒట్టు పెట్టించరు. 'ఈ ఒక్క రోజు తాగను' అనుకుంటే చాలంటారు. మధ్యలో తప్పి తిరిగివచ్చినవాడికి కూడా కుర్చీ వేస్తారు. కొన్నిచోట్ల చర్చి హాలులో జరుగుతాయి గనుక ఇది మతం సభ అని అనుమానపడేవారున్నారు. ఏ మతానికీ, ఏ పార్టీకీ దీనితో సంబంధం లేదు. తాగేవారి ఇంటివారికి 'అల్-అనాన్' అనే సమావేశాలు వేరుగా ఉన్నాయి.

ఇది ఉత్త కబుర్ల వ్యవహారమని కొట్టిపారేయడానికి వీల్లేదు. 27 అధ్యయనాలను పరిశీలించి కాక్రేన్ సంస్థ 2020లో ఒక నివేదిక ఇచ్చింది. తాగుడు పూర్తిగా మానడంలో ఈ మార్గం మిగతా చికిత్సలకు తీసిపోదనీ, తరచు మెరుగ్గానే ఉందనీ తేల్చింది.

అయితే ఒక హెచ్చరిక అవసరం. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగేవాడు ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, ఫిట్స్, మతి చలించడం జరగవచ్చు. ప్రాణానికే ముప్పు రావచ్చు. అలాంటివారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. మందు శరీరాన్ని కుదుట పరుస్తుంది. ఆ తర్వాతి రోజులకు సమావేశం తోడుంటుంది.

మరి ఆ సమావేశం ఎక్కడ? అసలు చిక్కు ఇక్కడే ఉంది. మద్యం ఎక్కడ దొరుకుతుందో ఊళ్లో పిల్లవాడిని అడిగినా చెబుతాడు. మానడానికి ఎక్కడికి పోవాలో పెద్దలకు కూడా తెలియదు. తాగుడుకు బానిసైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతున్నదని 2019లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వే తేల్చింది. 14446 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా చెబుతారు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి అడిగినా దారి తెలుస్తుంది. కానీ సమావేశాలు ఎక్కువగా పట్టణాల్లో, సాయంత్రం పూట జరుగుతాయి. కూలికి పోయి వచ్చినవాడు అక్కడికి వెళితే తిరుగు బస్సు అందదు. సెల్‌ఫోన్‌లో జరిగే సమావేశాలు కొంత మేలే గాని, మనిషి పక్కన మనిషి కూర్చున్నట్లు కాదు.

1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవారు రాత్రిబడిలో కలిసి కూర్చున్నారు. తమ కష్టం ఒకరికొకరు చెప్పుకున్నారు. సారా ఉద్యమం అక్కడి నుంచే రాజుకుంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. నిషేధం ఉన్నా పోయినా, మానదలచినవాడికి తోడు అవసరం తీరదు. దుకాణం మూయించడానికి పనికొచ్చిన కలయిక, తాగుడు మాన్పించడానికి పనికిరాదా?

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద దగ్గరలోని సమావేశం చోటు, రోజు, వేళ రాయించాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. పంచాయతీలు వారానికి ఒక సాయంత్రం ఒక గది తాళం ఇవ్వాలి. మానదలచినవారు ఇద్దరు ముగ్గురు కలిసినా సమావేశమే అవుతుంది. పట్టణంలోని పాత సభ్యులను పిలిస్తే పద్ధతి చెబుతారు.

ఊరివారు చేయవలసింది కూడా ఒకటుంది. పట్టపగలు మందు దుకాణానికి వెళ్లడానికి సిగ్గుపడని మనిషి, సమావేశానికి వెళ్లడానికి సిగ్గుపడుతున్నాడు. అందుకు కారణం రచ్చబండ మీది ఎగతాళి. మాల వేసినవాడికి ఇచ్చే మర్యాదలో సగం, మానడానికి బయలుదేరినవాడికి ఇస్తే చాలు. అధికారులు, సర్పంచులు, పెద్దలు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించవలసి ఉంది.