వెల్లుల్లి బాకీ

పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం కూరల సంచీతో ఇంట్లో అడుగుపెట్టేసరికి మా హాలు శాసనసభలా ఉంది. కంప్యూటరుకు ఒక పక్క మా అమ్మాయి, మరో పక్క విజయవాడనుంచి వచ్చిన మా మేనల్లుడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమండీ, ముందు ఆ తగవు తీర్చండి. కాఫీ తరవాత," అన్నది. అధ్యక్షస్థానం అల్లా నాకు దక్కింది.

నిజానికి ఆ పూట నేను హుషారుగానే ఉన్నాను. మా మంగళగిరిలో గాలిగోపురం దగ్గర తోపుడుబండి మీద కూరలమ్మే మామ్మ ఒకామె ఉంది. వంకాయలకూ వెల్లుల్లిపాయలకూ కలిపి చిల్లర ఇస్తూ ఆమె పది రూపాయలు ఎక్కువ ఇచ్చింది. సందు మలుపు తిరిగాక గాని నేను చూసుకోలేదు. ఎండ ముదురుతోంది, వెనక్కి వెళ్ళాలంటే బద్ధకం. 'మళ్ళీ వచ్చినప్పుడు ఇవ్వవచ్చులే' అనుకున్నాను. అనుకున్నానే గాని, ఆ పది రూపాయలు జేబులో ఉన్నందుకు నాకు పెద్దగా విచారం కలగలేదని కూడా ఒప్పుకోవాలి.

ఇక తగవు. మావాడు కొత్తగా ఒక వీడియో గేము కొన్నాడు. అది రోల్ ప్లేయింగ్ గేము అని వాడంటాడు. కానే కాదని మా అమ్మాయి అంటుంది.

"మీరే చెప్పండి మామయ్యా," అన్నాడు వాడు. "ఇందులో నా వీరుడికి లెవెళ్ళున్నాయి. శత్రువును కొడితే అనుభవం పాయింట్లొస్తాయి. అవి పెరిగితే బలం పెరుగుతుంది, మంచి కత్తి దొరుకుతుంది. ఇంతకంటె ఇంకేం కావాలి?"

"నాన్నకు కూడా సర్వీసు పెరిగితే ఇంక్రిమెంటు వస్తుంది బావా. నాన్న కాలేజీకి వెళ్ళడం రోల్ ప్లేయింగేనా?" అన్నది మా అమ్మాయి. తరవాత నా వైపు తిరిగి, "పాత్ర అన్న మాట మీ శాఖదే గదా నాన్నా, తీర్పు చెప్పండి," అన్నది.

తెలుగు ఎం.ఏ. వాడికి ఇంతకంటె పెద్ద సవాలు ఉండబోదు. తెలియని సంగతిలో వెంటనే తీర్పు చెప్పే అలవాటు నాకు క్లాసులో ఉన్నా, ఇంట్లో సాగదు. కనుక వాయిదా కోరి, ఆ మధ్యాహ్నమంతా ఈ ఆటల పుట్టుపూర్వోత్తరాలు చదివాను.

ఈ వంశానికి మూలపురుషులు అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు. 1974లో వారు 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను అచ్చువేశారు. అప్పటికి అక్కడ బల్లమీద బొమ్మ సైన్యాలను పేర్చి యుద్ధం ఆడే సరదా ఒకటుండేది. వీరు చేసిన మార్పు చూడటానికి చిన్నది. సైన్యం మొత్తానికి బదులు ఆటగాడికి ఒక్క మనిషిని అప్పగించారు. ఆ మనిషికి ఒక పేరు, బలం ఇంత, తెలివి ఇంత అని అంకెలు. కథ చెప్పేవాడొకడు బల్లకు అటు కూర్చుని, "మీ ఎదుట పాడుపడిన గుహ ఉంది. ఏం చేస్తారు?" అంటాడు. ఆటగాడు తన ఇష్టం వచ్చినట్టు జవాబు చెప్పవచ్చు. లోపలికి వెళ్ళవచ్చు, పారిపోవచ్చు, గుహలోని దొంగతో బేరమాడవచ్చు. చేయదలచిన పని నెగ్గుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

ఇది కంప్యూటర్లకు ఎక్కడానికి ఎంతోకాలం పట్టలేదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంవారి ప్లేటో అనే కంప్యూటరు వ్యవస్థ మీద 1975 నాటికే ఇటువంటి ఆటలు వెలిశాయి. కాని కంప్యూటరు గుమాస్తాలాంటిది. అంకెలు, కూడికలు, పాచికలు దానికి వెంటనే పట్టుబడినవి. బల్లకు అటు కూర్చుని, "ఏం చేస్తారు?" అని అడిగే మనిషి మాత్రం దానికి పట్టుబడలేదు. అందుచేత లెవెళ్ళూ పాయింట్లూ మిగిలి, అవే ఆటకు గుర్తులైపోయినవి. మా మేనల్లుడు చూపిస్తున్నది కూడా ఆ చిట్టాపద్దులనే.

సాయంత్రం కాఫీలవేళ సభ మళ్ళీ కూడింది. నేను మన పెరటి ఆటలతోనే మొదలు పెట్టాను.

"వైకుంఠపాళి ఉంది. అందులో పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము. కాని పుణ్యం చేసింది నువ్వా? గవ్వ. పాములో పడ్డవాడు ఏ తప్పూ చెయ్యలేదు, పందెం అల్లా పడింది, అంతే. పులిజూదం ఉంది. అక్కడ పందెం లేదు, ఎత్తంతా నీదే. కాని ఆ మేకకు ఒక మనసు గాని, ఒక మాట గాని లేదు. ఇక మీ అత్తయ్య చిన్నప్పుడు బొమ్మలపెళ్ళి ఆడేది. అందులో వియ్యపురాలి దెప్పులూ, అలకలూ అన్నీ ఉండేవి. కాని నియమం లేదు. ఆ పెళ్ళిలో పప్పు ఎన్నడూ మాడలేదు. ఈ మూడూ ఒకచోట కలవాలి. బొమ్మలపెళ్ళిలోని మనిషి, పులిజూదంలోని ఎత్తు, వైకుంఠపాళిలోని అదృష్టం. అప్పుడు అది పాత్రను ఆడే ఆట."

మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మావాడు మాత్రం చట్టం చదువుతున్నవాడు, అంత తేలికగా వదలడు.

"మనిషి నేనైతే సరిపోదంటారు, ఎత్తు కూడా నాదే కావాలంటారు. మరి కూచిపూడి భామాకలాపం సంగతేమిటి మామయ్యా? అందులో సత్యభామ ఏమి పాడాలో సిద్ధేంద్రయోగే రాసిపెట్టాడు. ఆటగాడికి ఎంచుకునే వీలు ఎక్కడుంది? అది పాత్ర కాదా?"

నాకు సమాధానం తోచలేదు. వాడన్నది న్యాయమే. కృష్ణాజిల్లాలోని ఆ కూచిపూడిలో మగవాళ్ళు జన్మలో ఒకసారైనా సత్యభామ వేషం కట్టాలని ఆచారం. ఆ ఊళ్ళోనే పుట్టిన వేదాంతం సత్యనారాయణశర్మగారు, 2012లో కాలం చేశారు, సత్యభామగా ఎంత పేరు పొందారో ఎరగనివాళ్ళు లేరు. తెరమీదుగా జడ వేసినంతలో సత్యభామ అయిపోదు గదా! కథ మారదు, పాట మారదు; అయినా ఒకరు వేస్తే సత్యభామ, మరొకరు వేస్తే చీరకట్టిన మగవాడు. ఆ తేడా ఎక్కడున్నది?

సభ మళ్ళీ వాయిదా పడింది. మా అమ్మాయి మటుకు, "వాదాలెందుకు? ఒకటి ఆడి చూడండి నాన్నా," అన్నది.

తను నాకోసం ఎంచిపెట్టింది పాతకాలపు ఆట, 1985 నాటిది. పేరు అల్టిమా నాలుగు. చేసినవాడు రిచర్డ్ గారియట్. బొమ్మలు మరీ నాసిరకం. మనుషులు చుక్కల ముగ్గులో మనుషుల్లా ఉంటారు. కాని ఆట పూర్తిపేరులో 'అవతార్' అన్న మన మాట ఉంది. చివర చంపవలసిన మహారాక్షసుడెవడూ ఇందులో లేడు. నిజాయితీ, దయ, ధైర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం అనే ఎనిమిది గుణాలను సాధించి అవతారపురుషుడు కావడమే ఆట.

అవతారమంటే మా ఊరివాళ్ళకు కొత్త కాదు. కొండమీద పానకాలస్వామి ఉన్నాడు. హిరణ్యకశిపుడు పుచ్చుకున్న వరంలో ఎన్ని షరతులు! పగలు కాకూడదు, రాత్రి కాకూడదు; ఇంట్లో కాదు, బయట కాదు; మనిషి కాదు, మృగం కాదు. స్వామి తలచుకుంటే ఆ వరాన్ని చెరిపివేయలేడా? చెరపలేదు. ఆ షరతులకు లోబడే గడప మీద దారి వెతికాడు. అవతారం ఎత్తడమంటే ముందు ఆ లోకం నియమాలకు తల ఒగ్గడం.

ఆట మొదట్లో ఒక సోదెకత్తె ఏడు ప్రశ్నలు వేస్తుంది. ఒక్కొక్క దానికి రెండే దారులు, రెండూ మంచివే. లెక్కపెట్టని డబ్బుసంచీ ఒకరికి అందజేయమని నీకప్పగించారు. దారిలో బిచ్చగాడు కనిపించాడు. ఒక నాణెం తీసి వాడికిస్తావా, సంచీని ఉన్నదున్నట్టు చేరుస్తావా? నేను ఇరవయ్యేళ్ళుగా హరిశ్చంద్రుడి కథ పాఠం చెబుతున్న మనిషిని. నిజాయితీ వచ్చిన చోటల్లా నిజాయితీకే ఓటు వేశాను. దానికి ఫలంగా నన్ను మాంత్రికుణ్ణి చేసింది. ఆ లోకంలో మాంత్రికుడంటే నిజాయితీకి ప్రతినిధి. నేను మా అమ్మాయి వంక గర్వంగా చూశాను.

మంత్రం వేయాలంటే మూలికలు కావాలి. మూన్‌గ్లో అనే ఊళ్ళో మూలికల దుకాణం ఉంది. అమ్మేది ఒక గుడ్డి స్త్రీ. జిన్‌సెంగ్ వేరు, సాలెపట్టు, వెల్లుల్లి ఉన్నవి. వెల్లుల్లి అడిగాను. ఖరీదు చెప్పింది. ఎంత ఇస్తున్నావో నువ్వే అంకె వేయాలి. ఆమెకు కళ్ళు లేవు గదా! నా దగ్గర డబ్బు తక్కువగా ఉంది; ముందు ప్రయాణం చాలా ఉంది. ఒక్క క్షణం ఆలోచించి తక్కువ అంకె వేశాను. ఆమె తీసుకుంది. ఉరుము ఉరమలేదు, మెరుపు మెరవలేదు. తరవాత మూడు రాత్రులు నేను ఆ దుకాణానికి వెళ్ళినప్పుడల్లా అదే పని చేశాను. ఆటలో ఆరితేరుతున్నానని లోలోపల సంతోషం కూడా కలిగింది.

నాలుగోనాడు రాజు కోటలో హాక్‌విండ్ అనే ద్రష్ట కనిపించాడు. ఏ గుణంలో ఎంతవరకు వచ్చావో ఆయన చెబుతాడు. నిజాయితీ సంగతి అడిగాను. నువ్వు దొంగవు, నీకు అవతారయోగం లేదు అన్న తాత్పర్యంతో నాలుగు మాటలన్నాడు.

వెనక కుర్చీలో మా అమ్మాయి ఉంది. మొదటి రోజునుంచీ చూస్తూనే ఉంది, ఒక్కమాట అనలేదు. అప్పుడు కూడా అనలేదు. చెవులు వేడెక్కడమంటే ఏమిటో నాకు చిన్నప్పుడు ఎక్కాలు తప్పిననాటి తరవాత మళ్ళీ ఇప్పుడే తెలిసింది.

ఆ సిగ్గులోనే మావాడి ప్రశ్నకు సమాధానం దొరికింది. కూచిపూడిలో పాట ముందే రాసి ఉన్నా, ఎదుట ప్రేక్షకులున్నారు. కంటిచివర చిన్న తప్పు దొర్లినా చూసేవాళ్ళున్నారు. ఆ సాక్షులవల్లనే వేషం పాత్ర అవుతుంది. వీడియో గేము ఆడేవాడు గదిలో ఒంటరి. అక్కడ సాక్షి ఎవరు? ఆటే కావాలి. నేను ఏం చేశానో అది చూడాలి, గుర్తుంచుకోవాలి, ఆ గుర్తుతోనే నాతో తిరిగి మాట్లాడాలి. 1997లో వచ్చిన ఫాలౌట్ అనే ఆటలో మరీ తెలివి తక్కువ మనిషిని తయారుచేసుకుంటే, వాడి నోట సరైన మాట రాదు. ఎదుటివాళ్ళు కూడా వాడితో వేరే తీరుగా మాట్లాడతారు. ఆడేవాడు ఎంత పండితుడైనా సరే! అంకె అక్కడ చిట్టాలోనే ఉండిపోలేదు, మనిషయింది. అదీ తేడా.

ఈ కొలత పెడితే చాలా మంచి ఆటలు బయట నిలుస్తాయి. 1986లో జపానులో వచ్చి లక్షలాది పిల్లలను కట్టిపడేసిన డ్రాగన్ క్వెస్ట్‌లో కథానాయకుడి దారి చాలావరకు వేసిపెట్టినదే. 2020లో మన దేశంలోనే, పుణేలో తయారైన 'రాజీ'లో తమ్ముడికోసం పోరాడే పిల్ల కథ ముచ్చటగా ఉంటుంది. ఆ పిల్ల మాత్రం మనం చెప్పినట్టు మారదు. తక్కువవి అనడం లేదు. మంచి నవల చదివినవాడు నాటకం ఆడలేదని ఎవరూ నిందించరు గదా!

మావాడికి ఫోనులో ఈ తీర్పు వినిపించాను. "అప్పీలు చేస్తాను మామయ్యా," అన్నాడు గాని, కంఠంలో ఊపు తగ్గింది.

ఆ రాత్రి మా అమ్మాయి మెల్లిగా అడిగింది: "నాన్నా, మొదటిరోజు సేవ్ చేసిన ఆట ఉంది. అక్కడికి వెళ్ళిపోతే ఈ దొంగతనమంతా లేనట్టే. వెళదామా?"

ఆశ పుట్టకపోలేదు. కాని కొండమీది స్వామి గుర్తుకొచ్చాడు. "వద్దమ్మా," అన్నాను. ఇప్పుడు రోజూ మూన్‌గ్లోకు వెళ్ళి, కావలసినా లేకపోయినా వెల్లుల్లి కొని, చెప్పిన ఖరీదు చెప్పినట్టు ఇస్తున్నాను. నిజాయితీ కొద్దికొద్దిగా పెరుగుతున్నదట. ద్రష్ట మాట కాస్త మెత్తబడింది.

మర్నాడు పొద్దున్నే సంచీ లేకుండా గాలిగోపురం దగ్గరికి వెళ్ళాను. పది రూపాయల నోటు మామ్మ చేతిలో పెట్టి, పోయిన ఆదివారం చిల్లర ఎక్కువ ఇచ్చావనీ, నేను ఇంటికి వెళ్ళాక చూసుకున్నాననీ చెప్పాను. ఇంటికి కాదు, సందు మలుపులోనే చూసుకున్నాను. ఆ అబద్ధం కూడా లెక్కలోకి వస్తుంది కాబోలు.

మామ్మ నోటు మడిచి బొడ్లో దోపుకుంది. "ఆ పొద్దే తెలిసింది మేష్టారూ," అన్నది. "మీరు మలుపు దగ్గర నిలబడి లెక్కెట్టుకోవడం చూశాను. రోజూ వచ్చే మనిషిని కేకేసి అడిగితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను."

తరవాత ఏమీ జరగనట్టు, "వంకాయలు లేతగా ఉన్నాయి, తూచమంటారా?" అన్నది.